వీధిదీపాల వెలుగులో ఆండ్రోమెడా



మన ఊళ్ళో రాత్రి ఆకాశం నల్లగా ఉండదు, బూడిదరంగులో ఉంటుంది. గమనించారా? వీధిదీపాల వెలుగు పైకి పోయి, గాలిలో చెదిరి, మళ్ళీ మన కళ్ళలో పడడమే దీనికి కారణం. ఆ వెలుగులో, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీని మన పెరట్లోంచి ఫోటో తీయగలమా? తీయగలం.

ముందు ఒక కథ. లాస్ ఏంజెలెస్ నగరం పక్కన మౌంట్ విల్సన్ అనే కొండ ఉంది. 1923లో ఎడ్విన్ హబుల్ అక్కడి 100 అంగుళాల టెలిస్కోపుతో తీసిన ఫోటోల వల్లే ఆండ్రోమెడా మన పాలపుంతకు బయట ఉందని తెలిసింది. కానీ దాని నడిమి భాగం మాత్రం మబ్బుముద్దలా ఉండిపోయింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో నగరంలో దీపాలు తగ్గించారు. అప్పుడు వాల్టర్ బాడే అదే టెలిస్కోపుతో, ఎరుపు వెలుగును బాగా పట్టే ప్లేట్లమీద గంటలకొద్దీ ఫోటోలు తీసి, ఆ ముద్దలోని నక్షత్రాలను విడివిడిగా చూపించారు. ఆ సంగతి 1944లో ప్రకటించారు.

మనం నగరం దీపాలు ఆర్పలేం. ఓపిక పట్టగలం. హంస పాలనూ నీళ్ళనూ వేరుచేస్తుందంటారు కదా! గెలాక్సీ వెలుగు పాలు, ఊరి వెలుగు నీళ్ళు. వేరుచేసే పద్ధతి ఇది:

1. వెన్నెల లేని రాత్రి చూసుకోండి. దీపావళి అమావాస్యకు అటూ ఇటూ రాత్రులు మంచివి. అప్పుడు రాత్రి పదింటి ప్రాంతంలో అమెరికాలో ఆండ్రోమెడా దాదాపు నడినెత్తిన ఉంటుంది.

2. చుక్కల వెంట మెల్లగా తిరిగే ట్రాకర్ మీద కెమెరా బిగించి, ఒక్కో నిమిషం చొప్పున 100 ఫోటోలు తీయండి. ఒకేసారి గంటన్నర తీస్తే అంతా తెల్లగా అయిపోతుంది.

3. వాటిని కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేర్చండి. గెలాక్సీ వెలుగు 100 రెట్లవుతుంది. ఇసుక చల్లినట్టుండే నలుసులు ఒక్కో ఫోటోలో ఒక్కో చోట పడతాయి కనుక 10 రెట్లే పెరుగుతాయి. 100కి వర్గమూలం 10 కదా! అంటే బొమ్మ 10 రెట్లు తేటపడుతుంది.

4. ఆకాశపు బూడిదరంగును కంప్యూటరులోనే తీసివేసి, మిగిలిన మసక వెలుగును పెంచండి. గెలాక్సీలోని నల్లని దుమ్ము చారలు, పక్కనే రెండు చిన్న గెలాక్సీలు బయటపడతాయి.

ఫిల్టరు పెడితే చాలదా? పాత సోడియం దీపాల పసుపు వెలుగును చాలావరకు వడగట్టవచ్చు. తెల్లని ఎల్‌.ఇ.డి. దీపాల్లో ఎన్నో రంగులు కలిసి ఉంటాయి. గెలాక్సీ వెలుగూ అంతే. నీళ్ళతోపాటు పాలూ పోతాయి.

బొమ్మ ఇంకో రెండింతలు తేటపడాలంటే 100 ఫోటోలు చాలవు, 400 తీయాలి. దానికన్నా సులువైన పని ఒకటుంది. అక్కర్లేనప్పుడు మన పెరటి దీపం ఆర్పేయడం. అది ఈ రాత్రే చేయవచ్చు.

అభ్యాసం
1. 25 ఫోటోలు పేరిస్తే బొమ్మ ఎన్ని రెట్లు తేటపడుతుంది?
2. మీ ఇంటి చుట్టూ పైకి వెలుగు చిమ్మే దీపాలు ఎన్ని ఉన్నాయి? అమ్మానాన్నలతో కలిసి లెక్కపెట్టండి.
3. అమ్మానాన్నలు చిన్నప్పుడు చూసిన రాత్రి ఆకాశం గురించి అడిగి, తెలుగులో ఐదు వాక్యాలు రాయండి.