పట్టా తండ్రి పేరున, అడ్వాన్సు కొడుకు చేతికా?

సమస్య: అమ్మా, మాది కుప్పం దగ్గర పల్లె. పెళ్లయ్యాక హోసూరు వచ్చాను. మా ఆయన సిప్‌కాట్ పారిశ్రామికవాడలో పని చేస్తారు. ఇన్నేళ్లూ అద్దె ఇంట్లోనే ఉన్నాం. ఇప్పుడు బాగలూరు వైపు ఒక పల్లెలో, రాగి చేను ప్లాట్లు చేసి రెండేళ్ల కిందట కట్టిన ఇల్లు అమ్మకానికి వచ్చింది. చుట్టూ గులాబీ తోటలు, ఇరుగుపొరుగంతా తెలుగే. ధర మాకు అందేదే. ‘పంచాయతీ అప్రూవల్ ఉంది, ఈ వారమే అడ్వాన్సు ఇవ్వండి’ అంటున్నాడు అమ్మే అతను. పట్టా మాత్రం చనిపోయిన అతని నాన్న పేరునే ఉంది. అతనికి పెళ్లయిన అక్కలు ఇద్దరున్నారు. కాగితాలన్నీ తమిళం. మేం మాట్లాడతాం గానీ చదవలేం. నేను వెనకాడుతుంటే, పల్లెలో ఉండటం ఇష్టంలేక సాకులు చెబుతున్నానని మా ఆయన కోప్పడుతున్నారు. నాకూ సొంత ఇల్లు కావాలమ్మా!

– ఒక సోదరి, హోసూరు

సలహా: మీ భయం సాకు కాదు తల్లీ. ఆయన ఆశా తప్పు కాదు. 2019లో హోసూరు కార్పొరేషన్ అయ్యింది, ఊళ్లో సైటు కొనడం జీతగాళ్ల వల్ల కావడం లేదు. కానీ ఈ ఇంటికి ఇప్పుడే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

లేఅవుట్‌కు అనుమతి ఇచ్చే అధికారం పంచాయతీ ప్రెసిడెంటుకు లేదు, డీటీసీపీ (రాష్ట్ర పట్టణ, గ్రామ ప్రణాళిక శాఖ) అనుమతి ఉండాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు దానికి బదులు కావు. అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం 2016 అక్టోబరు 20కి ముందు అమ్మకాలు మొదలైన లేఅవుట్లకే. అందుకే ఈ లేఅవుట్ ఎప్పుడు వేశారో, అనుమతి నంబరు ఎంతో అడగండి. నంబరు చెప్పలేకపోతే బేరం అక్కడితో ఆపేయండి.

నంబరు ఉన్నా అక్కల సంగతి మిగులుతుంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణకు ముందే, 1989లోనే తమిళనాడు ఆడబిడ్డలకు పిత్రార్జితంలో వాటా ఇచ్చింది. తమ్ముడొక్కడే అమ్మితే రేపు వాళ్లు కోర్టుకెక్కవచ్చు. వారసుల సర్టిఫికెట్, ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి లావాదేవీల పత్రం) తెప్పించి, తమిళం చదివే సొంత లాయరుకు చూపించండి. అమ్మేవాళ్లు చూపించిన లాయరు వద్దు.

ఒకరోజు ఎండవేళ మీరిద్దరే వెళ్లి, పక్కింటి ఆడవాళ్లను బోరు ఎన్ని అడుగులు వేశారో, వేసవిలో ట్యాంకరు తెప్పించుకుంటారో లేదో అడగండి. మగవాళ్లు బేరాలాడుతుంటే ఇవి బయటికి రావు. మీ వారితో ‘వద్దు’ అనకండి, ‘కాగితాలు తేలాక కొందాం’ అనండి. స్టాంపు సుంకం 7 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం కూడా ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

అక్కలిద్దరూ వచ్చి సంతకం పెడతామంటే అడ్వాన్సు మాట్లాడండి. వాళ్లు రాకపోతే ఇంకో ఇల్లు వెతకండి.