బెంగళూరు టు శాన్ ఫ్రాన్సిస్కో: నా కోడ్ 8,400 కిలోమీటర్లు ఎక్కువ ఎందుకు చూపించింది?

అన్న శాన్ ఫ్రాన్సిస్కో నుంచి డైరెక్ట్ ఫ్లైట్‌లో వస్తున్నాడు. అనంతపురంలో ఉన్న అమ్మ కోసం చిన్న యాప్ రాశా: దూరమెంత, ఎప్పుడు దిగుతాడు, మన కారు ఎప్పుడు బయల్దేరాలి. మొదటి రన్‌లోనే 22,400 కిలోమీటర్లు, 25 గంటలు అంది!

తప్పు నాదే. భూమి చదునైన కాగితం అన్నట్టు అక్షాంశ, రేఖాంశాలకు పైథాగరస్ వేసేశా. బెంగళూరు 77.7 తూర్పు, శాన్ ఫ్రాన్సిస్కో 122.4 పడమర. తేడా 200 డిగ్రీలు. ఇది 180 దాటిందంటే మీరు భూమిని చుట్టు దారిలో తిరుగుతున్నట్టే. అవతలి వైపు నుంచి 160 డిగ్రీలే. పైగా గోళం మీద దగ్గరి దారి గ్రేట్ సర్కిల్. దానికి హావర్‌సైన్ ఫార్ములా పెడితే సుమారు 13,990 వచ్చింది. గ్లోబ్ మీద దారం లాగి చూడండి, అలాస్కా, సైబీరియాల మీదుగా పోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా తొలి ఫ్లైట్ అయితే ఏకంగా ఉత్తర ధ్రువం మీదుగానే బెంగళూరు చేరింది. పైలట్లంతా మహిళలే!

గంటకు 900 చొప్పున లెక్కేస్తే పదిహేనున్నర గంటలు. గాలులు, టేకాఫ్, ల్యాండింగ్ కలిపితే 17 దగ్గర.

అమ్మ డౌట్ వేరే. "శనివారం రాత్రి ఎక్కినోడు సోమవారం తెల్లారుజామున దిగేదేందప్పా?"

గాల్లో ఉండేది 17 గంటలే అమ్మా, మిగతా పదమూడున్నర టైమ్ జోన్ తేడా. వేసవిలో అది పన్నెండున్నర. అందుకే కోడ్‌లో టైమ్ ఎప్పుడూ యూటీసీలోనే దాచుకోండి.

మా ఊరి నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకి రెండొందల కిలోమీటర్లలోపే. అక్కడ హావర్‌సైన్ పనికిరాదు, రోడ్డు లెక్కే వేయాలి. ఆదివారం రాత్రి 11కి బయల్దేరమంది యాప్. అమ్మ పదికే చెప్పులేసుకుంది.