పాట కూర్చిన సహోదరి

పాఠ్యభాగము: నిర్గమ. 15:20-21

మిర్యాము తాను పాడుటయే గాక, స్త్రీలందరిని పాటలో నడిపించెను. అమెరికా నల్లజాతి బాప్టిస్టులలో అట్టి స్త్రీ లూసీ క్యాంప్‌బెల్ (1885-1963). ఈమె మెంఫిస్‌లో ఉపాధ్యాయిని. 1916 నుండి నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌వారి సండేస్కూలు, యౌవనస్థుల మహాసభకు సంగీత నాయకురాలు. నూటికి పైగా పాటలు రచించెను. 1921లో వెలువడిన ‘గాస్పెల్ పెర్ల్స్’ పాటల పుస్తకమును కూర్చినవారిలో ఈమెయు ఒకరు. అనగా, సంఘము ఏమి పాడవలెనో ఆలోచించి ఏర్పరచిన బుద్ధియు ఆమెది.

జోడ్‌భావి పేట్‌లో మగ్గముల నడుమను, బీడీలు చుట్టుచును మన తల్లులు పాడుకొనిన పాటలు వారితోనే పోనియ్యకూడదు. వారు సజీవులై యుండగానే అడిగి, కూర్చినవారి పేరుతో వ్రాసి యుంచుదము.

చర్చించుడి: మనము పాడు పాటలలో సహోదరీలు రచించినవి ఎన్ని?