పేరున్నవాడి నోట ద్వేషం పలికితే

నా జీవితంలో ఎక్కువ భాగం పత్రిక డెస్కులోనే గడిచింది. అర్ధరాత్రి దాకా ఏజెన్సీ వార్తలు దిద్దడం, ఏది పేజీలోకి ఎక్కాలో ఏది ఆగిపోవాలో తేల్చడం నా పని. పెద్ద పేరున్న మనిషి ఒక జాతి మీద విషం కక్కాడని వార్త వస్తే ఏం చేయాలని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. వాళ్ల కోసం, అభిమాన సంఘాల్లో తిరిగే కుర్రాళ్ల కోసం ఇవి రాస్తున్నాను. ఉదాహరణలు దాదాపు అన్నీ యూదుల మీది ద్వేషానికి సంబంధించినవే తీసుకున్నాను. ఎవరి మాట ఎంత దూరం పోయిందో, ఎవరు ఎప్పుడు నోరు విప్పారో వాటి విషయంలో తేదీలతో సహా నమోదై ఉంది.

1. ఒక పనిలో గెలిచినవాడి మాటను జనం అన్నిటిలోనూ నమ్ముతారు.

హెన్రీ ఫోర్డ్ కార్ల తయారీలో మొనగాడు. 1920 మే నుంచి ఆయన సొంత వారపత్రిక డియర్‌బోర్న్ ఇండిపెండెంట్ యూదుల మీద వరసగా వ్యాసాలు వేసింది. వాటికి ఆధారం 'జియాన్ పెద్దల ప్రోటోకాల్స్' అనే దొంగ పత్రం. అది వేరే పుస్తకం నుంచి ఎత్తిరాసిన కల్పన అని 1921 ఆగస్టులో లండన్ టైమ్స్ రుజువులతో బయటపెట్టింది. అయినా ఫోర్డ్ పత్రిక దారి మార్చుకోలేదు. ఆయన కార్లు అమ్మే డీలర్లే ఆ పత్రికనూ జనంలోకి పంపేవారు. వ్యాసాలు పుస్తకమై జర్మన్‌లోకి వెళ్లాయి.

హిట్లర్ యువజన దళానికి నాయకుడైన బాల్డూర్ ఫాన్ షిరాఖ్ 1946లో న్యూరెంబర్గ్ విచారణలో ఏం చెప్పాడో ప్రతి డెస్కులోనూ చదివించాలి. తనను యూదు వ్యతిరేకిగా మార్చింది ఫోర్డ్ పేరుతో వచ్చిన ఆ పుస్తకమేనన్నాడు. ఆనాటి తన ఈడు కుర్రాళ్లకు ఫోర్డ్ అంటే గెలుపుకు ప్రతిరూపమని కూడా చెప్పాడు. కారు చేయడం వచ్చినవాడికి చరిత్రా తెలుసనుకున్నారు ఆ పిల్లలు. ఇంతకన్నా భయపెట్టే సంగతి నా ఉద్యోగంలో నేను చదవలేదు.

2. తార మాట దాక్కున్నవాళ్లకు ధైర్యమిస్తుంది.

2022 అక్టోబర్‌లో యే అని పేరు మార్చుకున్న ర్యాపర్ కాన్యే వెస్ట్ యూదులను బెదిరిస్తూ ట్విట్టర్‌లో రాశాడు. అప్పటికి ఆయనను అక్కడ అనుసరించేవాళ్లు 3 కోట్ల పైమాటే. ప్రపంచమంతా కలిపి యూదులు దాదాపు కోటీ యాభై లక్షలు. రెండు వారాలు గడవగానే లాస్ ఏంజెలెస్‌లో 405 హైవే వంతెన మీద కొందరు చెయ్యి చాచి నాజీ వందనం చేస్తూ, ఆయన అన్నది నిజమేనని బ్యానర్ కట్టారు. వాళ్లెవరూ ఆయన పాటలు విని మారినవాళ్లు కారు. ఎప్పటినుంచో ఆ బుద్ధితో ఉన్నవాళ్లే. ఇన్నాళ్లూ చాటున అన్నదాన్ని పట్టపగలు అనే వీలు వాళ్లకు దొరికింది.

3. ద్వేషం పలికినవాడి మాటను యథాతథంగా హెడ్డింగ్‌లో పెట్టకండి. ఏ జాతిని అన్నాడో రాయండి, అది అబద్ధమని పక్కనే రాయండి. అదే వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో వేస్తే మనం ఉచితంగా పంచిపెట్టినట్టే.

4. జబ్బు పేరు చెప్పి తప్పించుకోనివ్వకండి.

బైపోలార్ జబ్బున్నదని యే స్వయంగా చెప్పుకున్నాడు. ఆయన మీద జాలి ఉండాలి. కానీ అదే జబ్బుతో బతుకుతూ ఏ జాతినీ పల్లెత్తు మాట అనని మనుషులు లక్షల్లో ఉన్నారు. ఆ నెపం వాళ్లను కూడా అవమానిస్తుంది.

5. క్షమాపణను ఆ రోజే తూకం వేయకండి.

ఫోర్డ్ 1927లో, పరువునష్టం దావా మెడకు చుట్టుకున్నాక, క్షమాపణ చెప్పాడు. ఆ ఉత్తరం రాసిపెట్టింది లూయీ మార్షల్ అనే యూదు న్యాయవాది. 1938లో తన 75వ పుట్టినరోజున అదే ఫోర్డ్ నాజీ ప్రభుత్వం ఇచ్చిన పతకం తీసుకున్నాడు. యే 2023 డిసెంబర్‌లో హీబ్రూలో క్షమించమన్నాడు. 2025 ఫిబ్రవరిలో నాజీ స్వస్తిక ముద్ర ఉన్న టీషర్టు అమ్మకానికి పెట్టాడు. (మన గుమ్మాల మీది స్వస్తిక్ గుర్తు గురించి నేను మాట్లాడటం లేదు. మనుషులను గ్యాస్ గదులకు పంపినవాళ్ల జెండా గుర్తు అది.) ఇలాంటి వార్తకు ఏడాది తర్వాత మళ్లీ వెనక్కి వెళ్లి చూడటం డెస్కు బాధ్యత.

6. మనకు సంబంధం లేని గొడవ అనుకోకండి.

గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడుతూ యూదు ఆచారాలు పాటించే కుటుంబాలున్నాయి. వాళ్లకంటూ ప్రార్థనా మందిరం కూడా ఉంది. ఇక 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేతలో ఇరానీయులనుకుని ఒకడు తుపాకీ పేలిస్తే హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీర్ ప్రాణం పోయింది. ఎవరి మీదో పెంచిన కోపం మన బిడ్డను తీసుకుపోయింది. అడ్డుకోబోయిన అమెరికన్ కుర్రాడికీ తూటా తగిలింది. హ్యూస్టన్‌లోని భారతీయులు అతను ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు.

7. దగ్గరివాళ్లు మాట్లాడితేనే తార చెవికెక్కుతుంది.

శత్రువు ఖండిస్తే అభిమాని ఇంకా బిగుసుకుంటాడు. 2011లో డియోర్ ఫ్యాషన్ సంస్థ డిజైనర్ జాన్ గలియానో పారిస్ కేఫ్‌లో యూదులను తూలనాడిన వీడియో బయటికొచ్చింది. అదే సంస్థ అత్తరు ప్రకటనల్లో నటిస్తున్న నటాలీ పోర్ట్‌మన్ ఆ మనిషితో తనకే సంబంధమూ వద్దని ప్రకటించింది. ఆమె యూదు. ఒప్పందం చేతిలో ఉండగానే ఆ మాట అన్నది. సంస్థ వెంటనే అతన్ని తొలగించే పని మొదలుపెట్టింది. యే విషయంలో, అతనితో కలిసి బూట్లు అమ్ముతున్న అడిడాస్ రెండు వారాలకు పైగా నాన్చింది. సొంత ఉద్యోగులే నిలదీశాక, 2022 అక్టోబర్ 25న అతనితో ఒప్పందం తెంచుకుంది. ఆ ఏడాది లాభంలో 25 కోట్ల యూరోల దాకా పోతాయని తనే లెక్క చెప్పింది. ఆలస్యమైనా నష్టానికి సిద్ధపడింది కాబట్టి ఆ మాటకు బరువొచ్చింది.

అభిమాన సంఘాల నుంచి డెస్కుకు ప్రెస్‌నోట్లు వస్తూనే ఉంటాయి. రక్తదాన శిబిరాలు, అన్నదానాలు, కటౌట్లకు పాలాభిషేకాలు. మా హీరో ఒక కులాన్నో మతాన్నో కించపరిచాడు, ఆ మాట మేం ఒప్పుకోం అని రాసిన నోటు ఒక్కటీ నా చేతికి రాలేదు. మీ హయాంలో వస్తే, సంఘం ఎంత చిన్నదైనా సరే, మొదటి పేజీలో వేయండి.