క్రిస్మస్ మర్నాడు తలుపు తట్టండి

మాది అహోబిలం దిగువన ఒక పల్లె. మా పక్క పండగ కంటే పండగ మర్నాడే సందడి ఎక్కువ. సంక్రాంతి వెళ్లి కనుమ రాగానే జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాద వరదుడు ఒకే పల్లకీలో పారువేటకు బయల్దేరతారు. చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని చేసుకోబోతూ, తన పెళ్లికి తానే పిలుపులకు పోతాడు స్వామి. ఆళ్లగడ్డ చుట్టుపట్ల ముప్పైకి పైగా ఊళ్లు, దాదాపు నలభై రోజుల తిరుగుడు. పల్లకీ దించే అరుగును తెలుపు అంటారు. అక్కడ దించిన పూట ఊళ్లో ఏ ఇంటి పొయ్యీ ఆరదు.

అట్లాంటి చోటి నుంచి ఇంగ్లండు వచ్చినవాడికి క్రిస్మస్ వారం జనమంతా ఊరొదిలి పోయినట్టు కనిపిస్తుంది. మొదటి ఏడాది పండగ పూట స్నేహితుడి ఇంటికి పోదామని సంచి తగిలించుకుని స్టేషన్‌కు పోయాను. గేటుకు తాళం. పక్కన ఒక పావురం, నేను. అది ఎగిరిపోయింది.

కాబట్టి ముందు సరుకుల సంగతి. 25న రైళ్లు ఉండవు, లండన్ మెట్రో కూడా ఉండదు. 280 చదరపు మీటర్లు దాటిన పెద్ద దుకాణాలు ఆ రోజు తెరవకూడదని ఇంగ్లండు, వేల్స్‌లలో 2004 నుంచి చట్టమే ఉంది. పాలు, పెరుగు, కొత్తిమీర 24 మధ్యాహ్నానికల్లా ఇంట్లో పడాలి. రోజూ వేసుకునే మాత్రలుంటే పది రోజుల ముందే డాక్టరు దగ్గర చీటీ రాయించుకోండి. సెలవుల్లో ఒంట్లో నలతైతే 111కు ఫోన్ చేయండి, ప్రాణం మీదికొస్తే 999. చెత్త బండి వచ్చే రోజు కూడా ఆ వారం మారుతుంది. కౌన్సిల్ వాళ్ల పట్టిక చూసుకోకపోతే ఆ డబ్బా రెండు వారాలు మీ గుమ్మంలోనే కాపురం ఉంటుంది.

26 బాక్సింగ్ డే. గుద్దులాటకూ దీనికీ సంబంధం లేదు. పండగ నాడు కూడా చాకిరీ చేసిన పనివాళ్లకు మర్నాడు సెలవిచ్చి, పెట్టెలో కానుకలు పెట్టి పంపేవాళ్లు. మా కళ్లాల్లో చేతిపనివాళ్లకు గింజలు కొలిచి ఇచ్చే మేర గుర్తుకొస్తుంది నాకు. ఆ రోజు శనో ఆదివారమో అయితే సెలవు తర్వాతి వారానికి జరుగుతుంది. 2026లో 26 శనివారం పడింది గనక 28 సోమవారం సెలవు. ఇళ్ల ఏజెంటు, బ్యాంకు, ఆఫీసు పెద్దలు ఆ సెలవు తర్వాత పనిలో ఉన్నట్టే ఉంటారు గానీ జవాబులు జనవరిలో వస్తాయి. కంగారు పడకండి.

నన్ను ఆశ్చర్యపరిచింది వేట. మనకు కనుమ నాడు పారువేట అయితే, ఇక్కడ పల్లెల్లో బాక్సింగ్ డే నాడు గుర్రాలూ వేటకుక్కలతో నక్కల వేటకు పోయే ఆచారం. కుక్కలతో వేటాడటాన్ని నిషేధిస్తూ 2004లో చట్టం చేశారు, మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. తర్వాత కూడా ఎర్రకోట్ల రౌతులు సంతబయల్లో గుమికూడటం, నక్క బదులు పరిచిన వాసన వెంట కుక్కలను తోలడం మానలేదు. దీని మీద ఇక్కడ రెండు వర్గాలున్నాయి. ఆఫీసులో వేట మాటెత్తే ముందు పక్కవాడు ఏ వర్గమో చూసుకోండి.

మాట కలపాలంటే టీవీ మేలు. 25 మధ్యాహ్నం మూడింటికి రాజుగారి ప్రసంగం వస్తుంది. అయిదో జార్జి రేడియోలో ఇది మొదలుపెట్టింది 1932లో. మన తొలి టాకీ, హెచ్.ఎం. రెడ్డి తీసిన భక్త ప్రహ్లాద కూడా అదే ఏటిది. రాజు గొంతూ ప్రహ్లాదుడి గొంతూ జనం ఒకే ఏడు విన్నారన్నమాట. 1967 డిసెంబర్ 26న బీటిల్స్ వాళ్ల మ్యాజికల్ మిస్టరీ టూర్‌ను బీబీసీ ప్రసారం చేసింది. రంగుల్లో తీసినదాన్ని నలుపు తెలుపుల్లో వేస్తే జనం పెదవి విరిచారు. ఆ ఏడే ఏవీఎం వాళ్ల రంగుల భక్త ప్రహ్లాదలో ఎస్వీ రంగారావు గద తిప్పుతున్నాడు. ఈ ముక్క చెబితే అరవై దాటిన ఇంగ్లీషు పెద్దలు కుర్చీ ముందుకు లాక్కుంటారు. మనకైతే డిసెంబర్ 26 సావిత్రి పోయిన రోజు, 1981లో. మా వీధి తెలుగువాళ్లం నాలుగిళ్లు ఆ సాయంత్రం మాయాబజార్ పెట్టుకుంటాం.

ఇక పక్కింటి సంగతి. ఇక్కడ క్రిస్మస్ అంటే తలుపులు మూసుకుని ఇంటివాళ్లతో చేసుకునే పండగ. వాళ్లు పిలుస్తారని చూస్తూ కూర్చుంటే జనవరి వస్తుంది. మర్నాడు మీరే పోయి తలుపు తట్టండి. పెళ్లికొడుకై ఉండీ స్వామి ఊరూరా తిరగగా లేనిది, మనకు మొహమాటమెందుకు? రెండో ఏడు నేను ఓళిగలు చేసి పక్కింటి అవ్వకు ఇచ్చాను. "ఇందులో ఏముంది?" అని అడిగి, కందిబేడలూ బెల్లమూ అని చెబితే నమ్మలేదు. మర్నాడు నా డబ్బాలోనే మిన్స్ పైలు పెట్టి తెచ్చింది. మిన్స్ అంటే కైమా అనుకుని వెనక్కి తగ్గాను. నవ్వి, ఎండుద్రాక్షలని చెప్పింది. అయితే పాత పద్ధతిలో వాటిలో గొడ్డు కొవ్వు వేస్తారు. తినని వాళ్లు పెట్టె మీద శాకాహారమన్న ముద్ర చూసి తీసుకోవాలి.

స్కాట్లాండులో కుదురుకున్న వాళ్లకు ఇంకో వరం. డిసెంబర్ 31 అర్ధరాత్రి దాటాక గడపలో మొదట అడుగుపెట్టేది నల్లజుట్టు మగవాడైతే ఆ ఇంటికి కలిసొస్తుందని నమ్మిక. బొగ్గుముక్కో, షార్ట్‌బ్రెడ్డో చేత పట్టుకుని పోవాలి. మన తలలకు అంత గిరాకీ ఇంకెక్కడా ఉండదు. జనవరి 2 కూడా అక్కడ సెలవే గనక మర్యాదలు తీరిగ్గా జరుగుతాయి.

జనవరి 5, 6 నాటికి ఇళ్ల ముందు క్రిస్మస్ చెట్లు బయట పడేస్తారు. అప్పటికి మనకింకా ధనుర్మాసమే. కనుమ నాడు పల్లకీ ఎత్తే వేళకు చెల్లెలు వీడియో కాల్ చేస్తుంది, ఇక్కడింకా చీకటి. పోయినేడు అవ్వ కూడా వచ్చి కూర్చుంది. పల్లకీ కదలగానే "ఈయన మన వీధికి ఎప్పుడొస్తాడు?" అంది.