స్మరించుట – స్మరింపజేయుట

ఈ మాసం ‘రిమెంబర్’ అనే ఇంగ్లీషు మాటను గూర్చి కొంత మనవి చేస్తాను. జీవితమంతా వ్యాకరణం చెప్పిన నేను ఆ మాట దగ్గరనే పొరపడినాను. పాఠాన్ని దానితోనే మొదలుపెట్టడం న్యాయం.

నిరుడు మార్గశిర బహుళ నవమి మా అమ్మగారి ఆబ్దిక తిథి. నలభై ఏండ్లుగా ఎన్నడూ తప్పనిది. ఈ మధ్య మతిమరపు పెరిగినందున, అమెరికాలో పెరిగిన మా మనుమడితో ఫోనులో, నాకు వచ్చిన ఇంగ్లీషులో, “రిమెంబర్ మీ ఆన్ నవమి” అన్నాను. జ్ఞాపకం చెయ్యి నాయనా అని నా భావం. “తప్పకుండా తాతగారూ” అన్నాడు. ఫోను రాలేదు. మరునాడు పంచాంగం తెరిస్తే గుండె ఝల్లుమన్నది. పెద్దలనడిగి అమావాస్యనాడు కర్మ జరిపించాను గాని, ఆ కొరత నన్ను విడువలేదు. వాణ్ణి అడిగితే, “మీరు చెప్పినట్లే ఆ రోజంతా మిమ్మల్ని తలచుకున్నాను కదా!” అన్నాడు. తప్పు వాడిది కాదు, నాది.

సంస్కృతంలో ‘స్మరతి’ అంటే తాను స్మరిస్తున్నాడు. ఆ ధాతువుకే ప్రేరణార్థంలో ణిచ్ ప్రత్యయం చేరితే ‘స్మారయతి’, అనగా ఇతరునిచేత స్మరింపజేస్తున్నాడు. తెలుగులో ఇవి ‘గుర్తుంచుకొను’, ‘గుర్తుచేయు’. మనకు రెండింటికీ మూలం ఒక్కటే. ఇంగ్లీషులో మాటలే వేరు: మొదటిది రిమెంబర్, రెండవది రిమైండ్. నేను ‘రిమైండ్ మీ’ అనవలసి ఉండెను. రిమెంబర్‌కు మూలమైన లాటిన్ పదానికి మన స్మృ ధాతువుతోను, రిమైండ్‌లోని మైండ్‌కు మన మనస్సుతోను చుట్టరికం ఉన్నదని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు.

రిమెంబర్ ప్రయోగంలో మరొక భేదం గమనించదగినది. “ఐ రిమెంబర్డ్ టు లైట్ ద ల్యాంప్” అంటే, దీపం పెట్టవలెనన్న విధిని మరువక పెట్టాను అని. “ఐ రిమెంబర్ లైటింగ్ ద ల్యాంప్” అంటే, దీపం పెట్టిన సంగతి నాకు జ్ఞాపకమున్నది అని. మొదటిదానిలో జ్ఞాపకం ముందు, పని తరువాత. రెండవదానిలో పని ముందు, జ్ఞాపకం తరువాత.

భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన నవవిధ భక్తులలో స్మరణం మూడవది. అది ఎవరికి వారు చేయవలసినది. ఆలయంలో మ్రోగే గంట మనకు గుర్తుచేయగలదే గాని, మన బదులు స్మరించలేదు.

ఈ ఏడు మనుమడితో “రిమైండ్ మీ” అన్నాను. అష్టమినాడు తెల్లవారుజామున ఫోను మ్రోగింది. “రేపు మీ అమ్మగారి తిథి, తాతగారూ” అన్నాడు. గుర్తుచేయడం వాని వంతు అయినది. స్మరించడం నా వంతుగా మిగిలింది.