రేవు కూలీల గొడుగు

ఇంగ్లండులో మెర్సీ నది ఒడ్డున లివర్‌పూల్ అనే రేవు పట్టణం ఉంది. 1893లో అక్కడి రేవు వెంట ఒక రైలు మొదలయింది. అది ఎత్తయిన ఇనుప స్తంభాల మీద నడిచేది. వాన వస్తే కూలీలు దాని కిందుగా నడిచేవారు. అందుకే దానికి 'రేవు కూలీల గొడుగు' అనే పేరు వచ్చింది.

ఆ కూలీలకు రోజూ పని దొరికేది కాదు. తెల్లవారగానే వారు రేవు దగ్గర గుంపుగా నిలబడేవారు. మేస్త్రీ భుజం తట్టినవారికే ఆ పూట పని. మిగిలినవారు వట్టి చేతులతో ఇంటికి పోయేవారు. అప్పుడు ఇంట్లోని మంచి బట్టలు తాకట్టుకు వెళ్ళేవి.

1956లో ఆ రైలు ఆగిపోయింది. 1967లో రోజుకూలీ పద్ధతి కూడా పోయింది. కూలీలకు స్థిరమైన పని దొరికింది. కాని ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. బస్తాలకు, బేళ్ళకు బదులు కంటైనర్లనే పెద్ద ఇనుప పెట్టెలు వచ్చాయి. క్రేను ఒక్కొక్క పెట్టెను ఓడలోంచి ఎత్తి దించుతుంది. ఎందరో చేసే పనికి కొద్దిమంది చాలు. నడుములకు బరువు తగ్గింది. చేతులకు పని కూడా తగ్గింది.

1972లో ఆల్బర్ట్ రేవు మూతపడింది. 1988లో అక్కడి పాత గిడ్డంగిలో చిత్రశాల తెరిచారు. ఒకప్పుడు బస్తాలు మోసిన చోటికి జనం బొమ్మలు చూడడానికి వచ్చారు.

యంత్రం మంచిదే. అయితే దానివల్ల పని పోయినవారి సంగతి కూడా మనం ఆలోచించాలి.

ప్రశ్నలు

1. రైలుకు 'గొడుగు' అనే పేరు ఎందుకు వచ్చింది?
2. కంటైనర్ల వల్ల కలిగిన మేలు ఏమిటి? కష్టం ఏమిటి?
3. మీ ఊరిలో యంత్రం వచ్చాక మారిన పని ఒకటి పెద్దలను అడిగి రాయండి.